దొనగుట్టలో పెత్రమాస

ఈ ప్రయాణం ఒక సెలవు తగాదాతో మొదలైంది. వరుసగా మూడు రోజులు ఆఫీసు లేదని తెలియగానే టీమంతా కలిసి కొండల మీదికి వెళ్దామని నేనే ప్లాన్ వేశాను. అరకు దాటి ఇంకా పైకి వెళ్తే ఒక చిన్న ఊరు ఉంది. అక్కడి సంత బాగుంటుంది, పాత బంగళాలో గదులు దొరుకుతాయి. విశాఖ దాకా రైలు, అక్కణ్ణుంచి జీపు అని అంతా చూసి పెట్టాను. అందరూ సరేనన్నారు. నా పక్క సీటులో కూర్చునే యాదగిరి ఒక్కడే రానన్నాడు. ఆ ఆదివారం పెత్రమాస, వాళ్ళ మేనత్తను గుట్టకు తీసుకుపోవాలట. తెలంగాణలో భాద్రపద అమావాస్యను అలా అంటారు. పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తారు, వాళ్ళకు అన్నం పెడతారు. ఏ గుట్ట అని అడిగితే అతను నన్ను ప్యాంట్రీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వేలుపెట్టి చూపించాడు.

"గా నాలుగు టవర్లు కనవడ్తున్నయి గదా అక్కా, గదే. దొనగుట్ట. మా ఊరు."

ఆ కిటికీ దగ్గర నిలబడి నేను ఏళ్ళ తరబడి కాఫీ తాగాను. రాయదుర్గం మెట్రో స్టేషను దాటాక కాస్త ఎత్తు మీద ఉంటాయి ఆ టవర్లు. వాటి కింద ఒక గుట్ట ఉండేదని, గుట్ట మీద ఒక ఊరు ఉండేదని నాకు తెలియదు. అరకు ప్లాను మిగతావాళ్ళకు అప్పజెప్పి, నేను కూడా మీతో వస్తానన్నాను. యాదగిరి కాసేపు నసిగాడు. అక్కడికి వెళ్ళడమే కష్టంగా ఉందట. నిరుటి వరకు వెనక సర్వీసు గేటు కాపలా ఉండే పాత సూపర్‌వైజరు వాళ్ళ అత్తను చూసీచూడనట్టు లోపలికి వదిలేవాడట. ఈసారి కాపలావాళ్ళంతా మారిపోయారు. లోపల ఉండేవాళ్ళు ఎవరైనా ఫోనులో అనుమతి ఇస్తేనే గేటు తెరుస్తారు. ఊరంతా వాళ్ళదే అయినా ఇప్పుడు లోపల అతనికి తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

నాకు ఉన్నారు. నాతో భీమవరంలో చదువుకున్న మాధవి రెండో టవర్లో ఉంటుంది. ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాను. మా ఆఫీసులో యాదగిరి వాళ్ళ మామయ్యగారి సమాధి మీ కాంపౌండులో ఉందట, దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతారు అని. మా దగ్గర సమాధులేమున్నాయే అని నవ్వింది. అయినా నువ్వు అడిగాక కాదంటానా, ముగ్గురికీ అనుమతి పెడతాను, వచ్చి మా ఇంట్లో భోంచేసి వెళ్ళండి అంది.

ఆదివారం పొద్దున్నే మణికొండలో ఆటో ఎక్కి రాయదుర్గం, అక్కణ్ణుంచి మెట్రోలో యూసుఫ్‌గూడ, దిగి మళ్ళీ షేరు ఆటోలో బోరబండ చేరాను. మణికొండ నుంచి నేరుగా ఆటో మాట్లాడుకోవచ్చు కానీ ఖర్చు మూడింతలవుతుంది, సమయం పెద్దగా కలిసిరాదు. షేరు ఆటో డ్రైవరుకు దొనగుట్టోళ్ళ గల్లీ అని చెబితే చాలని యాదగిరి చెప్పాడు. నిజంగానే చాలింది. స్టేషనుకు కొంచెం ఇవతల, టైర్ల దుకాణం పక్కన దింపి, "సీదా పో మేడం, గుండిగలు కడుగుతుంటరు, గదే గల్లీ" అన్నాడు. ఆ పేరు ఏ బోర్డు మీదా లేదు.

ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు తప్పుకోవలసిన గల్లీ అది. రెండు వైపులా ఒంటిగది పోర్షన్లు, నాలుగింటికి ఒక నల్లా. నిజంగానే నల్లా దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు పెద్ద పెద్ద ఇత్తడి గుండిగలు తోముతున్నారు. అవి ఎవరి సొంతమూ కావు, ఊరివి. గుట్ట మీద ఎవరింట్లో పెళ్ళయినా చావయినా ఆ గుండిగల్లోనే వండేవారు. గుట్ట దిగి వచ్చేటప్పుడు ఒక్కటి కూడా పంచుకోకుండా అలాగే తెచ్చుకున్నారు. ఇంకో సంగతి యాదగిరి చెప్పేదాకా నాకు తట్టలేదు. గుట్ట మీద ఎవరి ఇంటి పక్కన ఎవరు ఉండేవారో ఇక్కడా ఆ వరసలోనే కిరాయికి దిగారు. ఒక గది ఖాళీ అయితే ఆ వరసవాళ్ళ కోసం నెలల తరబడి కాచుకుని పట్టుకున్నారట.

యాదగిరి మేనత్త మల్లమ్మ పొయ్యి దగ్గర ఉంది. అరవై దాటిన మనిషి, పొడగరి. ఎడమ కనుబొమ్మను రాతిముక్క కోసిన మచ్చ రెండుగా చీల్చింది. ఇప్పుడు మాదాపూర్లో ఒక అమ్మాయిల హాస్టల్లో వంట చేస్తుంది. ఆ రోజు కోసం సెలవు అడిగితే ఇవ్వలేదని, పొద్దున నాలుగింటికే వెళ్ళి టిఫిను వండిపెట్టి వచ్చిందట. నన్ను చూసి ముందు కూర్చోమంది, తరువాత ఎవరని అడిగింది. అన్నం, పప్పు, గారెలు, కోడికూర, ఒక సీసాలో కల్లు, రెండు బీడీలు. అన్నీ పోయిన భర్తకు ఇష్టమైనవేనా అని అడిగాను.

"కోడికూర నాకు ఇష్టం బిడ్డా. ఆయనకు పప్పే. నేను తింటుంటె చూసి నవ్వెటోడు, గందుకే వండుత" అంది.

మూట కట్టుకుని బోరబండ స్టేషనుకు నడిచాం. ఇక్కణ్ణుంచి హైటెక్ సిటీ ఒకే ఒక్క స్టేషను. ఎంఎంటీఎస్ టికెట్టు టీ ధర కంటే తక్కువ, కానీ ఆదివారాలు రైళ్ళు తక్కువ. మాది చాలా ఆలస్యంగా వచ్చింది. అందుకు ఆ తరువాత సంతోషించాను. ప్లాట్‌ఫాం బెంచీ మీద మల్లమ్మ చెప్పిన సంగతులే నాకు తెలిసిన దొనగుట్ట చరిత్ర. ఏ పుస్తకంలోనూ అది కనబడలేదు.

దొన అంటే బండ మధ్య సహజంగా ఏర్పడిన గుంట, వాననీళ్ళు నిలుస్తాయి. ఆ గుంట ఉంది కాబట్టే మల్లమ్మ తాతలు పాలమూరు నుంచి వచ్చి ఆ గుట్ట మీద ఆగారు. రాయి కొట్టే వడ్డెరవాళ్ళు. చుట్టూ అంతా రాళ్ళూ సీతాఫలం చెట్లూ. రాత్రి కట్టెలతో బండ మీద మంట పెట్టి, అది వేడెక్కి పలకగా లేచాక పొద్దున్నే ఉలీ సమ్మెటా పట్టుకునేవారు. పునాది రాళ్ళు, కంచెకు పాతే కడీలు, రోళ్ళు కొట్టి బండ్ల మీద నగరానికి పంపేవారు. మల్లమ్మ పుట్టేనాటికి వంద గడప అయింది. ఒక్క గది బడి, రేషను దుకాణం, శుక్రవారం చిన్న సంత. తగువు వస్తే అందరూ ఒక బల్లపరుపు బండ మీద కూర్చుని తేల్చుకునేవారు, ఆ బండ మీదే పెళ్ళిభోజనాలు. చలికాలం ఎండకు కాగిన బండ సగం రాత్రిదాకా వెచ్చగా ఉండేదని, ముసలివాళ్ళంతా అక్కడే పడుకునేవాళ్ళని చెబుతుంటే ఆమె అరచెయ్యి తనకు తెలియకుండానే ప్లాట్‌ఫాం బెంచీని తడుముతోంది.

తరువాత కింద మొదటి అద్దాల బిల్డింగు లేచింది. ఊళ్ళో అందరూ సంబరపడ్డారు. పని అంత దగ్గరికి రావడం వాళ్ళు ఎన్నడూ ఎరగరు. రోడ్లకు కంకర, బేస్‌మెంట్లకు బండ పేల్చడం, ప్రహరీలకు రాయి. గుట్ట ఉత్తరపు వైపు తరిగిపోతుంటే కూలి పెరుగుతోందనే అనుకున్నారు. ఆమె భర్త రాజయ్య మందుపెట్టి బండ పేల్చే పనిలో ఉండేవాడు. ఒక సాయంత్రం పేలకుండా మిగిలిపోయిన మందు, దగ్గరికి వెళ్ళి చూస్తుండగా పేలింది. కంట్రాక్టరు దవాఖానకు తీసుకుపోయి అక్కడ వదిలేసి వెళ్ళిపోయాడు. రాజయ్యను దొన ఒడ్డున, వాళ్ళ పెద్దల పక్కన పూడ్చారు. మల్లమ్మ తమ్ముడు, అంటే యాదగిరి నాన్న, పలక రాయి మీద ఆయన పేరు చెక్కి నిలబెట్టాడు.

కొన్నేళ్ళకు కొలతలవాళ్ళు వచ్చి ఇది మీ భూమి కాదన్నారు. ఎవరి దగ్గరా కాగితం లేదు. ఊరికి దూరంగా, నగరం అవతలి కొసన కొందరికి ఇళ్ళిచ్చారు. పని ఇటువైపు, ఇల్లు అటువైపు. బస్సుల్లో పడి తిరగలేక అవి వదిలేసి చాలామంది బోరబండకు వచ్చేశారు.

"ఎవల్నని ఏమంటం బిడ్డా. మా గుట్టను మేమే కొట్టి అమ్మినం. కూలి తీసుకున్నం" అంది మల్లమ్మ. రైలు వస్తోందని యాదగిరి మూట అందుకున్నాడు.

హైటెక్ సిటీ స్టేషను బయట ఆటో మాట్లాడుకున్నాం. ఇక్కణ్ణుంచి రాయదుర్గం వైపు షేరు ఆటోలు కూడా ఉంటాయి కానీ అవి మెయిన్ రోడ్డు మీదే దింపుతాయి, పైకి ఎక్కడం పెద్దవాళ్ళకు కష్టం. డ్రైవరుకు మల్లమ్మ దొనగుట్ట అని చెప్పింది. అతనికి తెలియలేదు. యాదగిరి టవర్ల పేరు చెప్పాడు, అప్పుడు తెలిసింది. దారిలో ఆమె బయటికి చూడలేదు. ఒక మలుపు దగ్గర మాత్రం ఇక్కడ బస్సు ఆగేదని, అప్పట్లో ఆ స్టాపు పేరు కూడా దొనగుట్టేనని అంది. ఇప్పుడు ఆ షెల్టరు మీద అపార్టుమెంట్ల ప్రకటన ఉంది.

మెయిన్ గేటుకు ఆటోలను రానివ్వరు. రోడ్డు మీద దిగి నడిచాం. కాపలా కుర్రవాడు మర్యాదగానే ఉన్నాడు. మూట విప్పించాడు, సీసా వాసన చూసి మూత పెట్టేశాడు. తరువాత అందరినీ అడిగే ప్రశ్నే మల్లమ్మనూ అడిగాడు.

"ఎవల్ని కలవాలె అమ్మా?"

"మా ఇంటాయనను."

"ఏ ఫ్లాటు?"

"ఫ్లాటు లేదు బిడ్డా. దొన ఒడ్డుకు ఉంటడు."

అతను యాదగిరి వైపు చూశాడు, తరువాత నా వైపు చూశాడు. నేను మాధవి పేరు, ఫ్లాటు నంబరు చెప్పాను. అతని చేతిలో ఫోను చిన్నగా మోగింది, గేటు పక్క తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్తున్నప్పుడు మల్లమ్మను మీది ఏ ఊరని అడిగాడు. ఇదేనంది. వాళ్ళ పెద్దలది అడిగితే పాలమూరని చెప్పింది. తనదీ పాలమూరేనని, పోయేటప్పుడు కనబడమని యాదగిరి నంబరు తీసుకున్నాడు.

లోపల లాను మీద టెంటు వేస్తున్నారు. పెత్రమాస సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ కూడా కాబట్టి అసోసియేషనువాళ్ళు పెద్ద ఎత్తున చేస్తున్నారు. సౌండు బాక్సులు సరిచూస్తున్నారు, తంగేడు, గునుగు పూలు మూటలు మూటలుగా దిగాయి. మాధవి కిందికి వచ్చి ఎదురైంది. మల్లమ్మ చెయ్యి పట్టుకుని రండమ్మా అని ఆప్యాయంగానే పిలిచింది. మల్లమ్మ మమ్మల్ని దాటి ముందుకు నడిచింది. టవర్ల మధ్య ఎటు తిరగాలో ఆమె ఎవరినీ అడగలేదు. రెండో టవరు వెనక ఆగింది.

దొన ఉంది. చుట్టూ నీలం పలకలు అతికించి, తామరలు వేసి, మధ్యలో ఫౌంటెన్ పెట్టారు. దాని పక్కన సమాధులు ఉండవలసిన చోట పిల్లల ఆటస్థలం, కింద రంగురంగుల రబ్బరు, పైన ఉయ్యాలలు, జారుడుబల్ల. నిరుడు ఇక్కడ ముళ్ళకంపలే ఉన్నాయని, రాళ్ళు నిలబడే ఉన్నాయని యాదగిరి నెమ్మదిగా అన్నాడు. నడకదారి వెంబడి వరసగా రాతి బెంచీలు ఉన్నాయి, పొట్టి రాళ్ళ మీద పరిచిన పలకలు. మల్లమ్మ ఒక్కొక్క దాని దగ్గరా కూర్చుని, పలక కిందికి చెయ్యి పోనిచ్చి తడుముతూ పోయింది. మూడో దాని దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఉన్నడు" అంది.

యాదగిరి వంగి ఫోను లైటుతో చూశాడు. నేనూ చూశాను. పలక అడుగున, నేలవైపు తిరిగి, వంకరటింకర అక్షరాల్లో రాజయ్య అని ఉంది.

ఈలోగా అసోసియేషను పెద్దాయన వచ్చారు. రిటైరైన ఉద్యోగి, మా జిల్లా వైపు మాట. మాధవి విషయం చెప్పింది. ఆయన గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. ముందు మల్లమ్మకు కుర్చీ తెప్పించారు, ఆమె కూర్చోలేదు. ఆ రాళ్ళు పాతకాలంనాటివని, అందంగా ఉన్నాయని, పారేయకుండా జాగ్రత్తగా వాడుకున్నామని ఆయన చెప్పుకున్నారు. అవి సమాధులవని తెలియగానే ఆయన ముఖం పాలిపోయింది.

"బిల్డరు మాకు చెప్పలేదండి. తెలిస్తే జీవితమంతా దాచుకున్నది ఇక్కడ పోస్తామా?" అన్నారు. తరువాత నా వైపు తిరిగి, "ఈ మాట ఇక్కడ ఎవరి దగ్గరా అనకండమ్మా. పిల్లలు ఆడుకునే చోటు" అన్నారు.

ఆయన అడిగింది ఒక్కటే, విస్తరి ఆ బెంచీ దగ్గరే పెట్టుకుని త్వరగా ముగించమని. మల్లమ్మ తల అడ్డంగా ఊపింది.

"రాయికి బువ్వ పెడ్తరా సారూ? ఆయన ఆడున్నడు" అని ఉయ్యాలల వైపు చూపించింది.

ఆయన మెల్లగా మాట్లాడమని సైగ చేశారు కానీ అప్పటికే ఆలస్యమైంది. ఉయ్యాల ఊపుతున్న ఒక తల్లి వినేసింది. తన పాపను ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు. ఎందుకో తెలియకపోయినా మిగతావాళ్ళూ పిల్లల్ని పిలుచుకున్నారు. కాసేపటికి ఆ ఆటస్థలంలో ఎవ్వరూ లేరు, ఉయ్యాలలు మాత్రం కదులుతున్నాయి. అలా దొరికింది మల్లమ్మకు చోటు. ఆమె చెప్పులు విడిచి, దొన అంచు నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, ఆ రబ్బరు మీద ఒక చోట నీళ్ళు చల్లి, విస్తరి పరిచింది. అన్నీ వడ్డించింది. కల్లు ఒంపితే నేల పీల్చుకోలేదు, పక్కకు పారింది. యాదగిరి మోకాళ్ళ మీద వంగి తలను నేలకు ఆనించాడు. ఆఫీసులో అందరికంటే ఎక్కువ నవ్వే మనిషి అతను.

కాకి ముట్టాలని చూశాం. సౌండు బాక్సుల మోతకు ఒక్క పిట్ట కూడా అటు రాలేదు. ఊడ్చే ఆమె చీపురు పట్టుకుని కొంచెం దూరంలో నిలబడి ఉంది. పెద్దాయన ఆమెకు ఏం చెప్పి ఉంటారో అందరికీ అర్థమవుతూనే ఉంది. మల్లమ్మ ఆమె వైపు ఒకసారి చూసి, పెట్టిన విస్తరిని అన్నంతో సహా మడిచి మళ్ళీ మూటలో పెట్టుకుంది. వాళ్ళు చెత్తబుట్టలో వేస్తే తను చూడలేనంది. భోజనం సంగతి మాధవి ఎత్తలేదు, మేమూ అడగలేదు. గేటు దాకా వచ్చి, నాతో మాత్రం, "నాకు ముందే సరిగ్గా చెప్పాల్సింది, పద్మా" అంది. చెప్పానని గుర్తు చేశాను. ఆమె ముఖం తిప్పుకుంది.

హైటెక్ సిటీ స్టేషనులో ప్లాట్‌ఫాం చివర, గడ్డి మొలిచిన చోట, పిట్టగోడ మీద మల్లమ్మ ఆ విస్తరి పరిచింది. రైలు వచ్చేసింది. కాకులు వచ్చాయో లేదో మేము చూడలేదు.

మధ్యాహ్నం గల్లీలో నాకు భోజనం పెట్టారు. ఎవరింట్లో తిన్నానో చెప్పలేను, అన్నం ఒకరింట్లోది, కూర ఇంకొకరిది. రాజయ్య రాయి సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయింది. ఒక్కొక్కరూ వచ్చి యాదగిరిని తమవాళ్ళ రాళ్ళ గురించి అడుగుతున్నారు. మా నాయినది కనవడ్డదా, మా అక్కది ఉన్నదా అని. అతను అన్ని బెంచీలూ చూడలేదు. ఆ మాట చెప్పలేక ప్రతివాళ్ళకూ ఏదో ఒకటి గొణుగుతున్నాడు. సాయంత్రం ఆడవాళ్ళు టైర్ల దుకాణం ముందు ఖాళీలో బతుకమ్మలు పెట్టి ఆడారు. దుకాణంవాడు ఆ గంటసేపు షట్టరు దించి బల్బు వేలాడదీశాడు. మల్లమ్మ మెట్టు మీద కూర్చుని చూసింది, ఆడలేదు. పొద్దున నాలుగింటికి లేచిన మనిషి, మళ్ళీ రాత్రి వంటకు హాస్టలుకు వెళ్ళాలి. వెళ్ళేముందు నన్ను పిలిచి, జర తిని పో బిడ్డా, పొద్దటి గారెలు ఉన్నయి అంది.

మర్నాడే మాధవి ఫోన్ చేసింది. అపార్టుమెంటు గ్రూపులో రాత్రంతా అదే గోలట. ఎవరు రానిచ్చారని అడిగారట, ఆమె పేరు బయటపడిందట. కొందరు ఫ్లాటు అమ్మేస్తామని, కొందరు ఈ మాట బయటికి పొక్కితే అమ్ముడే పోవని కొట్టుకుంటున్నారట. ఇక మీద బయటివాళ్ళను పూజల కోసం లోపలికి రానివ్వకూడదని తీర్మానించారట. శాంతి హోమం చేయిస్తారట. నన్ను ఇంకెప్పుడూ ఇలాంటివి అడగొద్దంది. ఆ తరువాత మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ రోజు గేటు తెరిచింది తనే.

హోమం అయిన రెండు రోజులకు గేటు దగ్గరి పాలమూరు కుర్రవాడు యాదగిరికి ఫోన్ చేశాడు, రాళ్ళు ట్రాక్టరుకు ఎక్కిస్తున్నారని. యాదగిరి మీటింగు మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. వెళ్ళేసరికి చాలావరకు వెళ్ళిపోయాయి, ఎక్కడ పోశారో డ్రైవరు చెప్పలేదు. మూడు దొరికాయి, వాటిలో రాజయ్యది ఒకటి. ట్రాలీ ఆటోలో బోరబండకు తెచ్చారు. తెచ్చాక ఎక్కడ పెట్టాలో తెలియలేదు. సమాధి రాయి ఇంటి ముందు పెట్టుకోకూడదని కొందరు, కిరాయి ఇంట్లో ఓనరు ఒప్పుకోడని కొందరు. ఇప్పుడు అవి గల్లీ చివర గోడకు ఆనించి, బైకుల వెనక ఉన్నాయి. రాజయ్య పేరు ఈసారి పైకే ఉంది.

ఎన్నో కొండ ఊళ్ళకు వెళ్ళాను, వాటి గురించి రాశాను. పొగమంచు, లోయ, మనుషుల మంచితనం, అన్నీ రాశాను. ఈ ఊరి గురించి రాయడానికి నాకు ఏ కొండా మిగల్లేదు. గుట్టను రోడ్లకు వేశారు, నేను రోజూ ఆఫీసుకు వెళ్ళేది ఆ రోడ్ల మీదే. మిగిలింది మనుషులు, వాళ్ళ ఇళ్ళ వరస, నాలుగు గుండిగలు. అది చాలునని, ఊరంటే మనుషులేనని రాసి ముగిస్తే చదవడానికి బాగుంటుంది. కానీ మల్లమ్మ అలా అనుకోవడం లేదు. వచ్చే ఏడు పెత్రమాసకు అన్నం ఎక్కడ పెడతావని అడిగాను. "ఇగ పెట్ట. ఆయనను పరేషాన్ చేసినట్టైతది" అంది. కోపంగా అనలేదు. కూరగాయలు తరుగుతూ, మాటల్లో మాటగా అంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక సూచన. టవర్ల దగ్గరికి వెళ్ళి లాభం లేదు, లోపలికి రానివ్వరు. బోరబండకు వెళ్ళండి, ఆదివారం పొద్దున వెళ్తే అందరూ ఇళ్ళలో ఉంటారు, టైర్ల దుకాణం పక్కన దొనగుట్టోళ్ళ గల్లీ అని అడగండి. కానీ ఈ ఎండాకాలం లోపలే వెళ్ళండి. ఓనర్లు ఆ పోర్షన్లన్నీ కలిపి ఒక బిల్డరుకు ఇచ్చేశారు. ఖాళీ చేయమని చెప్పేశారు. వాళ్ళందరికీ ఒక్కచోట గదులు ఎక్కడా దొరకడం లేదు. వానలు మొదలయ్యాక ఆ పేరు చెబితే ఆటోవాళ్ళకు తెలియకపోవచ్చు.